యూల్ కాంట్రాక్టులను కమాండ్ లైన్ నుంచి కంపైల్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎథీరియం బ్లాక్‌చెయిన్‌పై నడిచే ప్రోగ్రాములైన కాంట్రాక్టులను రాసే సాలిడిటీ భాష కొంతవరకు వచ్చి, వాటిని నడిపే ఎథీరియం వర్చువల్ మెషీన్‌కు (ఈవీఎం) ఇంకాస్త దగ్గరగా రాయాలనుకునే వారి కోసం ఈ పేజీ. ఆదేశాలు, వాటి ఎంపికలు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలలోనే, చిన్న బడి అక్షరాలతో టైపు చేయాలి.

యూల్ అంటే ఏమిటి? సాలిడిటీ ఉండగా దానితో పనేమిటి?

యూల్ అనేది సాలిడిటీ కంపైలర్ తన లోపల వాడుకునే మధ్యస్థ భాష. ఒకప్పుడు దీనిని జూలియా అని, ఐయూలియా అని కూడా పిలిచేవారు. సాలిడిటీ ఫైలులో అసెంబ్లీ బ్లాకు తెరిచి రాసేది కూడా ఈ భాషే. అయితే దీనిలో పూర్తి కాంట్రాక్టును విడి ఫైలుగా రాసి నేరుగా బైట్‌కోడ్‌గా మార్చుకోవచ్చు. ఈవీఎం ఆప్‌కోడ్‌లలో (యంత్రపు మూల ఆదేశాలలో) దాదాపు అన్నీ ఇక్కడ ఫంక్షన్ల రూపంలో అందుబాటులో ఉంటాయి. స్టాక్‌పై విలువలను పైకీ కిందికీ జరిపే పనిని, జంప్ చేయవలసిన చిరునామాలను లెక్కించే పనిని మాత్రం కంపైలరే చూసుకుంటుంది. కాబట్టి ఇది ముడి అసెంబ్లీ కాదు. లూపులు, స్విచ్‌లు, ఫంక్షన్లు, చరరాశులు ఉన్న చిన్న భాష. రకాలు మాత్రం లేవు, ప్రతి విలువా 256 బిట్ల పదమే.

మరి మొత్తం కాంట్రాక్టును యూల్‌లో రాయడం లాభమేనా?

చాలా సందర్భాలలో కాదు. గ్యాస్ (ఈవీఎం చేసే పనికి కట్టే రుసుము లెక్క) ఆదా అవుతుందనే ఆశతోనే ఎక్కువమంది ఇటు వస్తారు కాబట్టి లెక్క చూద్దాం. కాంట్రాక్టు విలువలు శాశ్వతంగా నిలిచే స్టోరేజ్‌లో సున్నాగా ఉన్న స్థానంలో కొత్త విలువ రాస్తే 20,000 గ్యాస్ అవుతుంది, ఆ లావాదేవీలో ఆ స్థానాన్ని అంతకుముందు తాకకపోతే మరో 2,100 కలుస్తుంది. మొదటిసారి స్టోరేజ్ చదివితే 2,100, మళ్లీ చదివితే 100. లావాదేవీకి మూల రుసుము 21,000. ఏ భాషలో రాసినా ఈ ఖర్చులు మారవు. యూల్ తగ్గించగలిగేది వీటి చుట్టూ సాలిడిటీ చేర్చే తనిఖీలను, మెమరీ పనిని, ఇన్‌పుట్ డీకోడింగును మాత్రమే. ఖర్చంతా స్టోరేజ్‌లోనే ఉన్న కాంట్రాక్టును యూల్‌లోకి మార్చి చేతికి వచ్చేది స్వల్పం, అందుకు వదులుకునే భద్రత ఎక్కువ.

కోడ్ చాలా చిన్నదై, లెక్కలేనన్ని సార్లు నడిచే చోట సంగతి వేరు. ఈఐపీ-1167 ప్రమాణంలోని కనీస ప్రాక్సీ (పిలుపులను మరో కాంట్రాక్టు కోడ్‌కు మళ్లించే కాంట్రాక్టు) దీనికి మంచి ఉదాహరణ: దాని రన్‌టైమ్ కోడ్, అంటే గొలుసుపై (బ్లాక్‌చెయిన్‌పై) నిలిచే కోడ్, మొత్తం 45 బైట్లే. గొలుసుపై నిలిచే ప్రతి బైటుకు 200 గ్యాస్ చొప్పున కోడ్ నిల్వకు 9,000 గ్యాస్‌తో సరిపోతుంది. అనుమతించిన గరిష్ఠ పరిమాణమైన 24,576 బైట్ల కాంట్రాక్టుకు ఇదే పద్దు కింద 49,15,200 గ్యాస్ కట్టాలి. ప్రాక్సీలు, సంతకాల తనిఖీ, గణితపు లైబ్రరీలు, ఒకే పని చేసే రూటర్లు యూల్‌కు తగిన చోట్లు. తక్కినవాటిని ముందు సాలిడిటీలో రాసి, కొలిచి, ఖర్చు ఎక్కడ తేలిందో ఆ ముక్కను మాత్రమే అసెంబ్లీ బ్లాకులోకి దించడం మేలని మా అభిప్రాయం.

ఏ కంపైలర్ కావాలి? ఎలా పెట్టుకోవాలి?

యూల్‌కు విడిగా కంపైలర్ లేదు. సాలిడిటీ కంపైలర్ అయిన సాల్‌సీ సరిపోతుంది. లినక్స్‌పై అయితే అధికారిక విడుదలలలో దొరికే స్టాటిక్ బైనరీని దింపుకొని, దానికి ఎగ్జిక్యూట్ అనుమతి ఇస్తే చాలు. మ్యాక్‌లో హోమ్‌బ్రూ ద్వారా వస్తుంది, విండోస్‌కు విడి ఎగ్జిక్యూటబుల్ ఉంది, డాకర్ ఇమేజ్ కూడా ఉంది. ఒకే యంత్రంపై పలు వెర్షన్లు ఉంచుకొని మార్చుకోవాలంటే సాల్‌సీ-సెలెక్ట్ అనే పైథాన్ పరికరం వీలుగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఎన్‌పీఎం ద్వారా వచ్చే సాల్‌సీజేఎస్ పేరులో దగ్గరగా ఉన్నా, దాని కమాండ్ లైన్ ఎంపికలు సాల్‌సీ ఎంపికలతో సరిపోలవు. ఈ పేజీలో చెప్పినవి అక్కడ పనిచేయకపోతే ముందు చూడవలసింది అదే.

కంపైల్ చేయడానికి అతి చిన్న ఆదేశం ఏది?

సాల్‌సీ అని టైపు చేసి, --స్ట్రిక్ట్-అసెంబ్లీ, --బిన్ అనే రెండు ఎంపికలు ఇచ్చి, చివర ఫైలు పేరు రాస్తే సరి. మొదటి ఎంపిక ఇది సాలిడిటీ కాదు, యూల్ అని కంపైలర్‌కు చెబుతుంది. రెండవది హెక్సాడెసిమల్ రూపంలో బైట్‌కోడ్ ఇవ్వమంటుంది. ఫైలు పేరుకు బదులు ఒక్క హైఫన్ పెడితే కంపైలర్ ప్రామాణిక ఇన్‌పుట్ నుంచి చదువుకుంటుంది. స్క్రిప్టులలో ఇది బాగా పనికివస్తుంది.

--ఏఎస్ఎం అని కలిపితే ఆప్‌కోడ్‌ల జాబితా, --ఐఆర్-ఆప్టిమైజ్డ్ అని కలిపితే ఆప్టిమైజర్ సవరించిన తరువాతి యూల్ కోడ్ కనిపిస్తాయి. భాష నేర్చుకునేవారు ఈ రెండవ దానిని అలవాటుగా చూడాలి, ఎందుకంటే మీరు రాసినదానికీ గొలుసుపైకి వెళ్లేదానికీ మధ్య ఎంత తేడా ఉందో అక్కడే తెలుస్తుంది. తెలిసిన సాలిడిటీ కాంట్రాక్టునొకదాన్ని సాధారణ పద్ధతిలో --ఐఆర్-ఆప్టిమైజ్డ్‌తో కంపైల్ చేసి, వచ్చిన యూల్‌ను వరుసగా చదవడం ఇంకా మంచి పాఠం.

కొన్ని వెర్షన్లు యూల్ ఇంకా ప్రయోగదశలోనే ఉందని, ఫలితాన్ని జాగ్రత్తగా వాడమని హెచ్చరిస్తాయి. అది దోషం కాదు, బైట్‌కోడ్ తయారవుతుంది.

కంపైల్ సాఫీగానే అయింది. గొలుసుపై పెట్టాక కాంట్రాక్టు ఖాళీగా ఉంది. ఎందుకు?

కొత్తవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. కాంట్రాక్టును నెలకొల్పే లావాదేవీలో మనం పంపేది రన్‌టైమ్ కోడ్ కాదు, సృష్టి కోడ్. ఈవీఎం ఆ సృష్టి కోడ్‌ను ఒక్కసారి నడిపి, అది తిరిగి ఇచ్చిన బైట్లను మాత్రమే ఆ చిరునామాలో శాశ్వతంగా నిలుపుతుంది. సాలిడిటీ ఈ రెండు పొరలనూ తానే అల్లుతుంది, యూల్‌లో మనమే అల్లాలి.

అందుకే ఫైలును ఆబ్జెక్ట్ రూపంలో రాయాలి. బయటి ఆబ్జెక్ట్‌లోని కోడ్ బ్లాకు సృష్టి కోడ్ అవుతుంది. దాని లోపల, రన్‌టైమ్ వంటి మీకు నచ్చిన పేరుతో మరో ఆబ్జెక్ట్ ఉండాలి. బయటి కోడ్ డేటాకాపీ ఫంక్షన్‌తో లోపలి ఆబ్జెక్ట్‌ను మెమరీలోకి తెచ్చుకొని, రిటర్న్ ఫంక్షన్‌తో దానిని తిరిగి ఇవ్వాలి. లోపలి ఆబ్జెక్ట్ ఎక్కడ మొదలవుతుందో డేటాఆఫ్‌సెట్, ఎంత పొడవుందో డేటాసైజ్ చెబుతాయి. ఆబ్జెక్ట్ లేకుండా వట్టి మీసాల బ్రాకెట్ల మధ్య కోడ్ రాసినా కంపైలర్ అభ్యంతరం చెప్పదు. కానీ ఆ కోడ్ అంతా సృష్టి సమయంలోనే నడిచి ముగుస్తుంది, చిరునామాలో మిగిలేది శూన్యం.

కన్‌స్ట్రక్టర్‌కు విలువలు ఎలా పంపాలి?

వాటిని ఏబీఐ (కాంట్రాక్టుతో మాట్లాడే ప్రామాణిక ఒప్పందం) పద్ధతిలో ఎన్‌కోడ్ చేసి బైట్‌కోడ్ చివర అతికించాలి. సృష్టి కోడ్‌లో బయటి ఆబ్జెక్ట్ పేరుతో డేటాసైజ్ అడిగితే అసలు ప్రోగ్రాము పొడవు వస్తుంది. కోడ్‌సైజ్ నుంచి దానిని తీసివేస్తే మిగిలేది విలువల పొడవు. కోడ్‌కాపీతో ఆ భాగాన్ని మెమరీలోకి తెచ్చుకొని చదవాలి. సృష్టి సమయంలో కాల్‌డేటా (పిలుపుతో వచ్చే ఇన్‌పుట్) ఖాళీగా ఉంటుంది కాబట్టి అక్కడ వెతికితే సున్నాలే దొరుకుతాయి.

--ఏబీఐ, --బిన్-రన్‌టైమ్ అడిగితే కంపైలర్ ఒప్పుకోవడం లేదు. లోపం ఎక్కడ?

లోపం ఏమీ లేదు. అసెంబ్లీ పద్ధతిలో ఆ ఫలితాలు ఉండవు. యూల్‌కు పబ్లిక్ ఫంక్షన్లు, వాటి రకాలు అనే ఊహే లేదు, కనుక ఏబీఐ ఎక్కడి నుంచీ పుట్టదు. కాంట్రాక్టు ఎలా స్పందించాలో వివరించే ఇంటర్‌ఫేస్‌ను ఒక చిన్న సాలిడిటీ ఫైలులో రాసి, దాని నుంచి ఏబీఐ తీసుకోవడం అందరూ పాటించే మార్గం. రన్‌టైమ్ కోడ్ కావలసి వస్తే స్థానిక పరీక్షా గొలుసుపై కాంట్రాక్టును పెట్టి, ఆ చిరునామాలోని కోడ్‌ను అడిగి తెచ్చుకోవచ్చు.

--ఆప్టిమైజ్-రన్స్ విలువ పెంచితే ఆప్టిమైజర్ ఎక్కువసార్లు నడుస్తుందా?

నడవదు. ఈ అపోహకు ఆ పేరే కారణం. కాంట్రాక్టు జీవితకాలంలో ప్రతి ఆప్‌కోడ్ సుమారు ఎన్నిసార్లు నడుస్తుందని మీరు అంచనా వేస్తున్నారో ఆ సంఖ్య అది. ఏమీ చెప్పకపోతే 200 అని తీసుకుంటుంది. చిన్న సంఖ్య ఇస్తే స్థాపన ఖర్చు తగ్గేలా కోడ్ పొట్టిగా వస్తుంది. పెద్ద సంఖ్య ఇస్తే పొడవు కొంత పెరిగినా ప్రతి పిలుపూ చౌక అవుతుంది. ఆప్టిమైజర్ అసలు పనిచేయాలంటే --ఆప్టిమైజ్ అని విడిగా అడగాలి. --యూల్-ఆప్టిమైజేషన్స్ అనే ఎంపికతో దశల వరుసను కూడా మనమే నిర్ణయించవచ్చు కానీ, కంపైలర్ లోపలి పనితీరు మీద పరిశోధన చేసేవారికి తప్ప దాని అవసరం పడదు.

నా యంత్రంలో నడిచిన కోడ్ వేరే గొలుసుపై చెల్లని ఆప్‌కోడ్ అంటోంది. ఏం చేయాలి?

--ఈవీఎం-వెర్షన్ చూడండి. ఎథీరియం నవీకరణలతో పాటు కంపైలర్ అనుకునే డిఫాల్ట్ వెర్షన్ కూడా మారుతూ వచ్చింది: 0.8.20 నుంచి షాంఘై, 0.8.25 నుంచి కాన్‌కున్, 0.8.30 నుంచి ప్రాగ్. షాంఘై నవీకరణ 2023 ఏప్రిల్‌లో పుష్-జీరో అనే ఆప్‌కోడ్‌ను తెచ్చింది. 0.8.20 వచ్చిన కొత్తలో దానిని ఇంకా అమలు చేయని రెండవ పొర గొలుసులపై (ఎథీరియంపై ఆధారపడి నడిచే వాటిపై) కాంట్రాక్టులు పెట్టబోయిన ఎందరికో ఇదే దోషం ఎదురైంది. అప్పుడు --ఈవీఎం-వెర్షన్ ప్యారిస్ అని ఇస్తే సరిపోయేది. మీ గొలుసు ఏ నవీకరణ వరకు వచ్చిందో దాని పత్రాలలో చూసుకొని, డిఫాల్ట్‌ను నమ్మకుండా వెర్షన్‌ను ఆదేశంలోనే రాయండి.

దీనికి మరో కోణం ఉంది. ఎంకాపీ, టీలోడ్, టీస్టోర్ వంటివి కాన్‌కున్‌తో యూల్‌లో అంతర్నిర్మిత ఫంక్షన్లు అయ్యాయి. పాత ఫైలులో మీరు సొంతంగా ఎంకాపీ అనే ఫంక్షన్ రాసి ఉంటే కొత్త వెర్షన్‌లో అది పేర్ల ఘర్షణగా తేలుతుంది.

స్టాక్‌లో మరీ లోతుగా ఉందని చెప్పే దోషాన్ని ఎలా పోగొట్టాలి?

ఈవీఎం స్టాక్ 1,024 అంతస్తుల వరకు పెరుగుతుంది కానీ, డూప్, స్వాప్ ఆప్‌కోడ్‌లు పై 16 అంతస్తుల పరిసరాల వరకే చేరగలవు. ఒకే ఫంక్షన్‌లో బతికి ఉన్న చరరాశులు ఎక్కువైతే అడుగున ఉన్నవి అందవు. మొదటి ఉపాయం పాతదే: ఫంక్షన్‌ను ముక్కలు చేయడం, విలువ అవసరం తీరిన చోట బ్లాకు మూసేయడం.

రెండవది మెమరీగార్డ్. మెమరీలో ఒక స్థానం నుంచి మాత్రమే మీరు వాడతానని ఈ ఫంక్షన్ ద్వారా మాట ఇస్తే, స్టాక్‌లో పట్టని చరరాశులను ఆప్టిమైజర్ మెమరీలోకి తరలిస్తుంది. ఇందుకు ఆప్టిమైజర్ తప్పక నడవాలి. తనను తాను పిలుచుకునే ఫంక్షన్లలోని చరరాశులకు ఈ వెసులుబాటు లేదు. మాట ఇచ్చి, దానికి కింది మెమరీలో రాస్తే కంపైలర్ పట్టుకోదు, చరరాశుల విలువలు నిశ్శబ్దంగా చెడిపోతాయి.

పై స్థాయి వ్యక్తీకరణ విలువను తిరిగి ఇవ్వకూడదని కంపైలర్ అంటోంది. అంటే?

కాల్ వంటి ఫంక్షన్ ఒక విలువను ఇస్తుంది, మీరు దానిని ఏ చరరాశిలోనూ ఉంచలేదు. విలువ అక్కర్లేదంటే పాప్ అనే ఫంక్షన్‌లో చుట్టమని ఆ సందేశం సలహా కూడా ఇస్తుంది. ఆ సలహాను కాల్ విషయంలో పాటించకండి. కాల్ తిరిగి ఇచ్చేది పిలుపు విజయమా వైఫల్యమా అన్న సమాచారం. దానిని పారేస్తే, విఫలమైన చెల్లింపు తరువాత కూడా మీ కాంట్రాక్టు ఏమీ జరగనట్లు ముందుకు సాగుతుంది.

సాలిడిటీ చేసే ఏ తనిఖీలు యూల్‌లో ఉండవు?

దాదాపు ఏవీ ఉండవు. కూడిక 256 బిట్లు దాటితే సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది. 2020 డిసెంబరులో వచ్చిన సాలిడిటీ 0.8.0 నుంచి మనం అలవాటు పడిన రివర్ట్ (చేసిన మార్పులను వెనక్కి తిప్పి ఆపేయడం) ఇక్కడ లేదు. సున్నాతో భాగిస్తే దోషం రాదు, సున్నా వస్తుంది. కాల్‌డేటా చివర దాటి చదివినా అంతే, కాబట్టి సగం పంపిన ఇన్‌పుట్ కూడా చెల్లినట్లే కనిపిస్తుంది.

ఏ ఫంక్షన్‌ను పిలిచారో తెలుసుకోవడం కూడా మన పనే. కాల్‌డేటా మొదటి పదాన్ని కుడివైపు 224 బిట్లు జరిపితే ఫంక్షన్‌ను గుర్తించే నాలుగు బైట్ల సెలెక్టర్ మిగులుతుంది. దానిపై స్విచ్ పెట్టాలి. ఒకే విలువకు రెండు కేసులు రాస్తే కంపైలర్ ఆపుతుంది. డిఫాల్ట్ రాయడం మరిస్తే మాత్రం ఆపదు. అప్పుడు తెలియని సెలెక్టర్‌తో వచ్చిన పిలుపు స్విచ్ దాటి, కోడ్ చివరకు చేరి, విజయవంతంగా ముగుస్తుంది. దానితో ఈథర్ వచ్చి ఉంటే అది కాంట్రాక్టులో ఇరుక్కుంటుంది. అందువల్ల డిఫాల్ట్‌లో రివర్ట్ ఉండాలి, చెల్లింపు అక్కర్లేని ప్రతి ఫంక్షన్ మొదట కాల్‌వాల్యూ సున్నా అవునో కాదో చూడాలి.

చిరునామా 160 బిట్లే అయినా అది కూర్చునే పదం 256 బిట్లది. పైనున్న 96 బిట్లలో చెత్త ఉంటే రెండు ఒకే చిరునామాలు పోల్చినప్పుడు వేరుగా తేలతాయి, దానితో కెచాక్ హ్యాష్ తీసి మ్యాపింగ్ స్థానం లెక్కిస్తే పూర్తిగా వేరే స్థానం వస్తుంది. బయటి నుంచి వచ్చిన ప్రతి చిరునామా పై బిట్లను తనిఖీ చేసి, సున్నా కాకపోతే రివర్ట్ చేయాలి.

టోకెన్ల బదిలీ దగ్గర మరింత అప్రమత్తత కావాలి. ఎథీరియంపై టెథర్ అనే టోకెన్ కాంట్రాక్టు బదిలీ తరువాత నిజం, అబద్ధం అనే విలువ ఏదీ తిరిగి ఇవ్వదు. దాని కోసం ఎదురుచూసే కోడ్ మెమరీలో అంతకుముందు మిగిలిన దానిని సమాధానంగా చదువుకుంటుంది. అసలు కోడే లేని చిరునామాకు చేసిన కాల్ కూడా విజయమనే చెబుతుంది. కాబట్టి పిలుపు ఫలితం, రిటర్న్‌డేటాసైజ్, ఎక్స్‌ట్‌కోడ్‌సైజ్ అనే మూడింటినీ కలిపి చూసి గానీ బదిలీ జరిగిందని నిర్ణయించకూడదు.

స్వయంచాలక బిల్డ్‌లో ఏ పద్ధతి వాడాలి?

--స్టాండర్డ్-జేసన్ వాడడం ఉత్తమం. భాష యూల్ అని, ఎంపికలు ఏవని, ఏ ఫలితాలు కావాలని ఒకే జేసన్ పత్రంలో రాస్తే, అదే మీ బిల్డ్‌కు రికార్డుగా కూడా మిగులుతుంది. యూల్‌లో ఇంపోర్ట్ లేదు, ఈ పద్ధతిలో ఒక్క మూల ఫైలునే అంగీకరిస్తుంది. పలు ఫైళ్లు కావాలంటే కంపైల్‌కు ముందే మీరే వాటిని కలపాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఈ పద్ధతిలో కోడ్ కంపైల్ కాకపోయినా ప్రక్రియ విజయసూచికతోనే ముగుస్తుంది, దోషాలు జేసన్ సమాధానం లోపల ఉంటాయి. ఎగ్జిట్ కోడ్ ఒక్కటే చూసే స్క్రిప్టు విఫలమైన బిల్డ్‌ను కూడా పచ్చగా చూపిస్తుంది. కనుక దోషాల జాబితాను తెరిచి, తీవ్రత స్థాయి ఎర్రర్ అని ఉన్నది ఏదైనా ఉంటే అక్కడే ఆపేలా రాసుకోవాలి.

పరీక్షలు ఎలా రాయాలి?

ఫౌండ్రీ పరికరాలతో ఈ పని తేలిక. యాన్విల్ స్థానిక గొలుసును నడుపుతుంది, కాస్ట్‌తో బైట్‌కోడ్‌ను అక్కడ పెట్టి పిలవవచ్చు, సెలెక్టర్లనూ ఈవెంట్ల హ్యాష్‌లనూ లెక్కించుకోవచ్చు. అసలు పరీక్షలను సాలిడిటీలోనే ఫోర్జ్‌తో రాసి, బయటి ప్రోగ్రాములను నడపనిచ్చే ఎఫ్ఎఫ్ఐ సౌకర్యం ద్వారా సాల్‌సీని నడిపి, వచ్చిన బైట్‌కోడ్‌ను పరీక్ష లోపలే నెలకొల్పవచ్చు. అదే పని చేసే సాదా సాలిడిటీ కాంట్రాక్టును పక్కన ఉంచి, రెండింటికీ యాదృచ్ఛిక ఇన్‌పుట్లు పంపి ఫలితాలు పోల్చే ఫజ్ పరీక్ష తప్పనిసరిగా ఉండాలి. పైన చెప్పిన చెత్త బిట్లు, సగం ఇన్‌పుట్లు చేతితో రాసిన పరీక్షలకు అరుదుగా తడతాయి.

కంపైలర్‌లోనే దోషం ఉంటే?

ఉంటుంది, ఉండింది కూడా. సాలిడిటీ 0.8.13 నుంచి 0.8.16 వరకు యూల్ ఆప్టిమైజర్‌లో ఒక దోషం ఉండేది: షరతుపై రిటర్న్ లేదా స్టాప్‌తో అమలును ముగించే ఫంక్షన్‌ను పిలిస్తే, అంతకుముందు చేసిన స్టోరేజ్ రాతలను అది అనవసరమని తొలగించే అవకాశం ఉంది. 0.8.17లో దానిని సరిచేశారు. మరో భాషలో జరిగినది ఇంకా ఖరీదైనది: వైపర్ 0.2.15, 0.2.16, 0.3.0 వెర్షన్లలో పునఃప్రవేశాన్ని (ఒక పిలుపు ముగియకముందే కాంట్రాక్టును మళ్లీ పిలవడాన్ని) అడ్డుకునే తాళం సరిగా పనిచేయకపోవడం వల్ల, 2023 జులై చివరలో కర్వ్ అనే టోకెన్ల మార్పిడి వేదికకు చెందిన కొన్ని పూల్‌లు దోపిడీకి గురయ్యాయి. మూలకోడ్‌లో తాళం ఉంది, బైట్‌కోడ్‌లో అది పనిచేయలేదు.

సాలిడిటీ బృందం తెలిసిన దోషాల జాబితాను వెర్షన్ల వారీగా ప్రచురిస్తుంది. కొత్త వెర్షన్‌కు మారే ముందూ, పాత వెర్షన్‌లో కొనసాగాలని నిర్ణయించే ముందూ దానిని చదవాలి. కంపైలర్ వెర్షన్, ఈవీఎం వెర్షన్, ఆప్టిమైజర్ ఎంపికలు రిపాజిటరీలో నమోదై ఉండాలి. ఆడిట్ జరిగినది ఏ బైట్‌కోడ్‌పైనో, గొలుసుపైకి వెళ్లేదీ అక్షరం తేడా లేకుండా అదే కావాలి.

ఫైలులో తెలుగు రాయవచ్చా?

వ్యాఖ్యలలో నిక్షేపంగా రాయవచ్చు. చరరాశులకు, ఫంక్షన్లకు తెలుగు పేర్లు కుదరవు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, డాలర్ గుర్తు, చుక్క మాత్రమే చెల్లుతాయి. రివర్ట్ సందేశాన్ని తెలుగులో ఇవ్వాలంటే దాని యూటీఎఫ్-8 బైట్లను హెక్సాడెసిమల్‌లో రాయాలి. తెలుగు వర్ణం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది, గుణింతపు గుర్తులకూ పొల్లుకూ విడిగా లెక్క, కాబట్టి 32 బైట్ల పదంలో పదే పడతాయి. ఉదాహరణకు "నిల్వ లేదు" అనే సందేశంలో వర్ణాలు, గుర్తులు కలిపి తొమ్మిది, మధ్యలో ఒక బైటు ఖాళీ ఒకటి: మొత్తం 28 బైట్లతో ఇది సరిపోతుంది. "తగినంత నిల్వ లేదు" అంటే అలాంటి 32 బైట్ల పదాలు రెండు కావాలి, ఎన్‌కోడింగ్‌లో పొడవును కూడా దానికి తగినట్లు మార్చాలి. దీనికన్నా నాలుగు బైట్ల కస్టమ్ ఎర్రర్ సెలెక్టర్‌ను పంపి, దాని తెలుగు అర్థాన్ని వాడుకరి చూసే తెరపై చూపించడం చౌక.